వేట నిషేధంలో నా చేపల వేట

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మా తీరంలో ఇంజను పడవలు సముద్రంలోకి దిగవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజులు వేట నిషేధం. కళింగపట్నం దగ్గర మా ఊళ్ళో ఆ రెండు నెలలూ పడవలన్నీ ఇసుక మీదే ఉంటాయి. నాన్న అరుగు మీద కూర్చుని చిరిగిన వలలు బాగుచేసుకుంటాడు. శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్న నేను ఆ ఏడాది సెలవులకి వచ్చి, అదే అరుగు మీద ఆయన పక్కన కూర్చుని ఫోన్లో ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆట మొదలుపెట్టాను.

అందులో కత్తి పట్టి రాక్షసులతో పోరాడవచ్చు, మంత్రాలు నేర్చుకోవచ్చు. నా మనసు మాత్రం ఫిషింగ్, అంటే చేపల వేట మీదే పడింది. ఆటలో సొరచేప పట్టాలంటే ఫిషింగ్ లెవెల్ 76 ఉండాలి. అంటే 13,36,443 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు). నిషేధం ఎత్తేసేలోపు అక్కడికి చేరాలని పెట్టుకున్నాను.

మొదట చిన్న వల, రొయ్యలు. ఒక్కో రొయ్యకి 10 ఎక్స్‌పీ. లెవెల్ 2కి 83 చాలు కాబట్టి తొమ్మిది రొయ్యలు పడగానే లెవెల్ మారింది. ఆటలో సరుకు దాచుకునే బ్యాంకు దగ్గరని డ్రేనోర్ అనే ఊరి ఒడ్డునే ఉండిపోయాను. లెవెల్ 15కి అదే వలలో నెత్తళ్ళు కూడా పడటం మొదలైంది, వాటికి 40. మన దగ్గర ఎండబెట్టి పులుసు పెట్టే నెత్తళ్ళు అక్కడ కనిపించేసరికి ఎంత సంబరమేసిందో చెప్పలేను. నాన్నకి చూపించాను. ఆయన అడిగిన మొదటి మాట, "చేప ఎక్కడుందో నీకెలగ తెలుస్తాది?" నీళ్ళలో బుడగలు లేస్తాయని చెప్పాను. మన సముద్రంలో పిట్టలు తిరిగే చోటు, నీళ్ళ రంగు చూసుకుంటామని ఆయన చెప్పాడు. ఆటలో ఆ బుడగల చోటు కాసేపటికి పక్కకి జరిగిపోతుంది, మళ్ళీ వెతుక్కుని నొక్కాలి. అది విన్నాక, "అయితే నిజమైన చేపే," అన్నాడు.

లెవెల్ 20 వచ్చాక నదికి వెళ్ళాను. బార్బేరియన్ విలేజ్ పక్కన పారే నదిలో ఈకలు కట్టిన గాలంతో ట్రౌట్, లెవెల్ 30 నుంచి సాల్మన్ పడతాయి. ట్రౌట్‌కి 50, సాల్మన్‌కి 70. చేపకో ఈక ఖర్చవుతుంది. మొదట్లో డబ్బుల్లేక లంబ్రిడ్జ్ దగ్గర కోళ్ళని కొట్టి ఈకలు ఏరుకున్నాను, తర్వాత పోర్ట్ సారిమ్ కొట్లో వేలకి వేలు కొన్నాను.

సంచిలో 28 గళ్ళు. గాలం ఒకటి, ఈకలు ఒకటి పోతే 26 చేపలకి చోటు. లెవెల్ త్వరగా రావాలంటే 26 నిండగానే అన్నీ కింద పారేసి మళ్ళీ పట్టమని అనుభవమున్న ఆటగాళ్ళు అందరూ చెప్తారు. లెక్క ప్రకారం అది నిజమే, బ్యాంకుకి నడిచే సమయమంతా మిగులుతుంది. నేనూ ఒక సాయంత్రం అలాగే చేశాను. నాన్న వల పక్కన పెట్టి చూశాడు.

"ఏటిరా, పట్టినవన్నీ పారేస్తన్నావు?"

"లెవెల్ తొందరగా వస్తాది నాన్నా."

ఆయన ఇంకేం అనలేదు, మళ్ళీ వల అందుకున్నాడు. మా ఇంట్లో వలకి చిక్కిన వేలెడు చేపని కూడా అమ్మ ఉప్పేసి ఎండబెడుతుంది. ఆ రాత్రి మళ్ళీ 26 నిండాయి, కానీ పారేయడానికి వేలు కదల్లేదు. అప్పటినుంచి ప్రతి సంచీ ఉత్తరానికి మోసుకెళ్ళి ఎడ్జ్‌విల్ బ్యాంకులో వేశాను. కొన్నాళ్ళు ఒడ్డునే చెట్టు కొట్టి మంట వేసి వండాను. మొదట సగం మాడిపోయేవి. తర్వాత పచ్చివే ఆటగాళ్ళ సంత అయిన గ్రాండ్ ఎక్స్‌ఛేంజ్‌లో అమ్ముకున్నాను. దీనివల్ల నాకు చాలా గంటలు ఎక్కువ పట్టాయి. అయినా ఆ పద్ధతి మార్చుకోలేదు, మళ్ళీ మొదలుపెట్టినా అలాగే చేస్తాను.

లెవెల్ 40కి లాబ్‌స్టర్లు. పోర్ట్ సారిమ్ నుంచి 30 నాణేలిచ్చి ఓడెక్కి కరంజా దీవికి వెళ్ళాలి. తిరిగొచ్చేటప్పుడు రమ్ సీసా ఉందేమోనని కస్టమ్స్ అధికారి సంచి వెతుకుతాడు. దీవిలో స్టైల్స్ అనే ఆయన లాబ్‌స్టర్లు తీసుకుని, అన్నీ కలిపి సంచిలో ఒక్క గడిలో పట్టే బ్యాంకు నోట్లుగా (సరుకు చీటీలుగా) మార్చి ఇస్తాడు కాబట్టి ప్రతిసారీ ఓడెక్కక్కర్లేదు. ఒక్కోదానికి 90 ఎక్స్‌పీ వస్తుంది గానీ చాలా నెమ్మదిగా పడతాయి. గాలం వేశాక చేప పడుతుందా లేదా అన్నది ఆట ప్రతి 3 సెకన్లకోసారి తేలుస్తుంది, మన లెవెల్ పెరిగేకొద్దీ పడే అవకాశం పెరుగుతుంది. అందుకే ఎక్కువ ఎక్స్‌పీ ఇచ్చే చేప కన్నా తరచుగా పడే చేపతోనే ముందుకెళ్తాం. ఇది అర్థమయ్యాక 50 దగ్గర లాబ్‌స్టర్లు వదిలి మళ్ళీ నదికే వచ్చేశాను.

మే నెలంతా అదే నది. సాయంత్రం గాలివాన వస్తే కరెంటు పోయేది, సిగ్నల్ పోయేది, ఆట మధ్యలో ఆగిపోయేది. లెవెల్ 69 చేరిన రోజు ఎక్స్‌పీ చూసుకుంటే 6,68,051. అంటే 76కి దాదాపు సగం. 68 లెవెళ్ళు ఎక్కితే ఎంతో, మిగిలిన ఏడింటికీ అంతే. ఆ రోజు ఫోన్ పక్కన పెట్టి వంశధార కలిసే మొగ దాకా నడిచి వచ్చాను. రెండు రోజులు ఆట తెరవలేదు. నాన్న గమనించి, "వల సగం కుట్టి ఒగ్గేస్తే పాత చిరుగు కన్నా కొత్త ముడులు ముందూడిపోతాయి," అన్నాడు. ఆయన వల గురించే అన్నాడో, నా గురించి అన్నాడో అడగలేదు. మూడో రోజు మళ్ళీ ఈకలు కొన్నాను.

జూన్ 14 రాత్రికి నేను 75లోనే ఉన్నాను. ఊరంతా ఒడ్డున ఉంది. పడవలకి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయలు కొట్టారు. నాన్న పడవ నీళ్ళలోకి దిగేటప్పుడు నేనూ భుజం పట్టి తోశాను.

76 వచ్చింది ఇంకో వారానికి. సొరచేపలుండే క్యాథర్‌బీ ఒడ్డుకి వెళ్ళాలంటే నెల చందా కట్టాలి. గుజరాత్‌లోని వీరావల్‌లో బోటు మీద పనిచేసి అక్కడి నిషేధానికి ఇంటికొచ్చిన అన్నయ్య ఆ డబ్బులిచ్చాడు. చేతిలో హార్పూన్‌తో నిలబడ్డాను. చాలాసేపు ఏమీ పడలేదు. పడ్డప్పుడు వచ్చిన 110 ఎక్స్‌పీ కన్నా తెర మీద ఆ చేప బొమ్మనే చూస్తూ ఉండిపోయాను.

తెల్లారి నాన్న సముద్రం నుంచి వచ్చాడు. బుట్టలో కానాగంతలు, కొన్ని కవ్వళ్ళు. కాళ్ళు కడుక్కోకముందే ఫోన్ చూపించాను.

"సొరే. ఒడ్డు మీదినుంచి పట్టీసినావా?"

"అవును నాన్నా, బల్లెంతో."

"దాచినావా?"

బ్యాంకు తెరిచి చూపించాను. మూడు సొరచేపలు, పచ్చివి. వాటిని వండటానికి కుకింగ్ లెవెల్ 80 కావాలి, నాది అప్పటికి 61. ఇప్పుడు హాస్టల్‌కి నాన్న ఫోన్ చేసినప్పుడల్లా తిన్నావా అని అడిగాక, ఆ సొర వండావా అని కూడా అడుగుతాడు. మొన్న 74 దాటిందని చెప్పాను.