డాష్‌బోర్డులో దాచిన కాలమ్ దాచినట్టు కాదు: క్లిక్‌హౌస్, గ్రఫానా మధ్య తాళాలు

పలాస జీడిపప్పు వ్యాపారంలో గుట్టంతా రేట్లలోనే ఉంటుంది. 80 కిలోల పిక్కల బస్తా ఎంతకు దిగింది, అందులో డబ్ల్యు 240 గ్రేడు పప్పు ఎంత తేలింది, డబ్ల్యు 320 ఏ పార్టీకి ఎంతకు వెళ్లింది అన్నవి పక్క ఫ్యాక్టరీ చెవిన పడకూడదు. ఈ లెక్కల్ని క్లిక్‌హౌస్ అనే డేటాబేస్‌లో పెట్టి, గ్రఫానా అనే డాష్‌బోర్డు సాఫ్ట్‌వేర్‌లో చూసుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. సర్వర్ కాశీబుగ్గ ఫ్యాక్టరీలో, డాష్‌బోర్డు విజయనగరం ఆఫీసులో ఉందనుకుందాం.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. గ్రఫానాలో వ్యూయర్‌గా (చూడటానికి మాత్రమే) లాగిన్ అయిన గుమస్తాకు మీరు పెట్టిన ప్యానెళ్లే కనబడతాయి, నిజమే. కానీ అదే లాగిన్‌తో గ్రఫానా ఏపీఐకి (ప్రోగ్రామ్‌లు మాట్లాడే దారికి) సొంతంగా రాసిన ఎస్‌క్యూఎల్ క్వెరీ పంపితే, గ్రఫానా దాన్ని అలాగే డేటాబేస్‌కు అందిస్తుంది. ఇది బగ్ కాదు, వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. డేటా సోర్స్‌కు (గ్రఫానా డేటా తెచ్చుకునే డేటాబేస్ కనెక్షన్‌కు) విడిగా పర్మిషన్లు పెట్టడం ఎంటర్‌ప్రైజ్, క్లౌడ్ వెర్షన్లలోనే కుదురుతుంది. ఉచిత వెర్షన్‌లో యజమానికి ఒక ఆర్గనైజేషన్, గుమస్తాలకు ఇంకొకటి చేసి, ఒక్కోదానికి వేరే డేటాబేస్ యూజర్ ఇవ్వాలి. అంటే అసలు కాపలా డేటాబేస్ యూజర్ దగ్గరే.

ఆ యూజర్‌గా ‘డిఫాల్ట్’ ఖాతాను మాత్రం వాడకండి. ఎస్‌హెచ్‌ఏ256 పాస్‌వర్డ్‌తో కొత్తది సృష్టించండి. ‘హోస్ట్ ఐపీ’ దగ్గర గ్రఫానా మెషిన్ అడ్రస్ ఒక్కటే ఇవ్వండి. తర్వాత గ్రాంట్, అంటే అనుమతి. టేబుల్ మొత్తానికి కాకుండా కాలమ్‌ల వారీగా సెలెక్ట్ (చదివే అనుమతి) ఇవ్వొచ్చు: తేదీ, గ్రేడు, కిలోలు ఇచ్చి, రేటు, పార్టీ పేరు వదిలేయండి. అప్పుడు ఎవరైనా అన్ని కాలమ్‌లనూ అడిగే సెలెక్ట్ స్టార్ కొడితే ఎర్రర్ 497 వస్తుంది. పాత ప్యానెళ్లలో సెలెక్ట్ స్టార్ ఉంటే అవీ ఆగిపోతాయి. వాటిలో కాలమ్ పేర్లు రాసుకోవాల్సిందే. ఫైల్, యూఆర్‌ఎల్, రిమోట్ గ్రాంట్లను ఈ యూజర్ దగ్గరకు రానివ్వకండి. యూఆర్‌ఎల్ ఫంక్షన్ చేతికొస్తే మీ సర్వర్ చేతనే లోపలి నెట్‌వర్క్‌ను తట్టి చూడొచ్చు.

ఇక రీడ్‌ఓన్లీ, అంటే యూజర్‌ను చదవనిచ్చి రాయనివ్వని క్లిక్‌హౌస్ సెట్టింగు. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. విలువ 1 పెడితే కనెక్షన్ టెస్ట్‌లోనే ఎర్రర్ 164 రావచ్చు, ఎందుకంటే గ్రఫానాలోని క్లిక్‌హౌస్ ప్లగిన్ ప్రతి క్వెరీతో పాటు మ్యాక్స్ ఎగ్జిక్యూషన్ టైమ్ (క్వెరీ ఎంతసేపు నడవొచ్చో చెప్పేది) అనే సెట్టింగును కూడా పంపుతుంది, 1 దాన్ని మార్చనివ్వదు. విసుగొచ్చి రీడ్‌ఓన్లీ మొత్తం తీసేస్తారు. అలా చేయకండి, 2 పెట్టండి: రాయడానికి వీల్లేదు, సెట్టింగులు మాత్రం మార్చుకోవచ్చు. అయితే సెట్టింగులు మార్చుకోవచ్చంటే మీరు పెట్టిన హద్దులు కూడా మార్చుకోవచ్చన్నమాట. అందుకే సెట్టింగ్స్ ప్రొఫైల్‌లో మ్యాక్స్ ఎగ్జిక్యూషన్ టైమ్ 30, మినిమం 1, మ్యాగ్జిమం 60 అని కట్టేయండి. మినిమం ఎందుకంటే ఈ సెట్టింగుకు సున్నా అంటే హద్దే లేదని అర్థం, పైగా సున్నా 60 కంటే చిన్నదే కదా, మ్యాగ్జిమం దాన్ని ఆపదు. ప్లగిన్‌లో క్వెరీ టైమవుట్ 30 సెకన్లే ఉంచండి. పైహద్దు దాటిన విలువ పంపితే ఎర్రర్ 452 వస్తుంది. మ్యాక్స్ మెమరీ యూసేజ్‌ను మాత్రం ఎవరూ మార్చకుండా బిగించేయండి. 8 జీబీ ర్యామ్ ఉన్న పెట్టెకు 2 జీబీ చాలు.

దారి సంగతికొస్తే, 8123, 9000 పోర్టుల్లో వెళ్లే డేటాకు ఎన్‌క్రిప్షన్ ఉండదు. టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్ ఉన్నవి 8443, 9440. వీటిలో ఏదీ నేరుగా ఇంటర్నెట్‌కు తెరవొద్దు. క్లిక్‌హౌస్‌ను డాకర్ కంటైనర్‌లో నడిపేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి: డాకర్ తెరిచిన పోర్టు యూఎఫ్‌డబ్ల్యు ఫైర్‌వాల్ కళ్లు గప్పి బయటికి పోతుంది, ఎందుకంటే అది ఐపీటేబుల్స్‌లో తన రూల్స్ తనే రాసుకుంటుంది. పోర్టు ఇచ్చేటప్పుడు ముందు టన్నెల్ (కింద చెప్పే వైర్‌గార్డ్) అడ్రస్ కూడా కలిపి రాస్తే ఆ బాధ ఉండదు. ఒక్కోసారి డాకర్ వెనక నుంచి చూస్తే వచ్చినవాళ్లందరి అడ్రసూ 172.17.0.1 లాగే కనబడి, హోస్ట్ ఐపీ నియమం తప్పుతుంది. అలాంటప్పుడు క్లిక్‌హౌస్‌ను నేరుగా మెషిన్ మీదే ఇన్‌స్టాల్ చేయడం మేలు.

రెండు ఊళ్ల మధ్య వైర్‌గార్డ్ అనే వీపీఎన్ టన్నెల్ వేయండి, పోర్టు యూడీపీ 51820. ఫైబర్ కనెక్షన్ సీజీనాట్ (చాలామందికి ఒకే పబ్లిక్ ఐపీ పంచే పద్ధతి) వెనక ఉంటే పబ్లిక్ ఐపీ దొరకదు, కీప్‌అలైవ్ 25 సెకన్లు పెట్టాలి. రెండు వైపులా సీజీనాటే అయితే మధ్యలో చిన్న వీపీఎస్ (ఇంటర్నెట్‌లో అద్దె సర్వర్) తీసుకోవాలి. అప్పుడు వైర్‌గార్డ్ ఎన్‌క్రిప్షన్ ఆ వీపీఎస్ దగ్గర విప్పుకుంటుంది, అందుకే లోపల టీఎల్‌ఎస్ కూడా ఉండాలంటాను. టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ మీ సొంత సీఏతో (సర్టిఫికెట్లు ఇచ్చే అధికారంతో) చేస్తే, గ్రఫానాలో ఏ అడ్రస్ ఇస్తారో అదే సర్టిఫికెట్ ఎస్‌ఏఎన్‌లో (అది ఏ పేర్లకు, అడ్రసులకు చెల్లుతుందో చెప్పే జాబితాలో) ఉండాలి. సర్వర్ టన్నెల్ అడ్రస్ 10.8.0.1 అని కనెక్ట్ అవుతూ సర్టిఫికెట్‌లో పేరు మాత్రమే పెడితే వెరిఫికేషన్ తప్పుతుంది. ‘స్కిప్ టీఎల్‌ఎస్ వెరిఫై’ టిక్కు పెట్టేయాలనిపించేది అప్పుడే. పెడితే ఎన్‌క్రిప్షన్ ఉంటుంది గానీ అవతల ఉన్నది మీ సర్వరేనన్న భరోసా పోతుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత ఉద్దానంలో కరెంటు ఎన్నాళ్లు లేదో అందరికీ గుర్తే. సర్వర్ మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి ఉంటే, కరెంటు వచ్చాక గడియారం పాత తేదీతో లేస్తుంది. గ్రఫానా మెషిన్‌కే ఇలా జరిగితే సర్టిఫికెట్ ‘ఇంకా చెల్లదు’ అంటుంది. వైర్‌గార్డ్ కూడా తను ముందు చూసిన టైమ్ కంటే వెనకటి టైమ్‌తో వచ్చిన హ్యాండ్‌షేక్‌ను తిప్పికొడుతుంది. గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ ట్రాఫిక్ కూడా టన్నెల్ గుండానే పంపి ఉంటే గడియారం సరవ్వదు, టన్నెల్ తెరుచుకోదు. ఎన్‌టీపీని టన్నెల్ బయటే ఉంచండి, సీఆర్ 2032 బ్యాటరీ ఒకటి మార్చండి.

గ్రఫానా వైపు అడ్మిన్ పాస్‌వర్డ్ ఎలాగూ మారుస్తారు. మర్చిపోయేది సీక్రెట్ కీ. డేటా సోర్స్ పాస్‌వర్డులను ఎన్‌క్రిప్ట్ చేసేది అదే, దాని డిఫాల్ట్ విలువ అందరికీ తెలిసినదే. గ్రఫానా డీబీ ఫైలు బ్యాకప్ పెన్‌డ్రైవ్ ఎవరి చేతిలోనైనా పడితే పాస్‌వర్డ్ విప్పేయొచ్చు. డేటా సోర్సులు కలపకముందే మార్చండి; తర్వాత మారిస్తే పాస్‌వర్డులు మళ్లీ ఎక్కించుకోవాల్సి వస్తుంది.

అంతా అయ్యాక గ్రఫానా మెషిన్ నుంచి ఆ డేటాబేస్ యూజర్‌తోనే క్లిక్‌హౌస్ క్లయింట్ తెరిచి రేటు కాలమ్ అడగండి, ఒక ఇన్సర్ట్ కొట్టండి, టైమ్ హద్దు సున్నా చేయండి, వేరే మెషిన్ నుంచి లాగిన్ ప్రయత్నించండి. నాలుగూ తిరస్కరించబడాలి. తర్వాత అప్పుడప్పుడూ సిస్టమ్ క్వెరీ లాగ్‌లో 497 ఎర్రర్లు, గ్రఫానా మెషిన్ టన్నెల్ అడ్రస్ (10.8.0.2 అనుకుందాం) కాని అడ్రసులు వెతకండి. తప్పిన లాగిన్లు అందులో పడవు. వాటికి సెషన్ లాగ్ కావాలి, అది కాన్ఫిగ్‌లో ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.