వీర గిన్నె: పని చేసే కుక్కకు తిండి కుదిర్చిన నా అనుభవం

విశాఖలో షీలానగర్ నుంచి గాజువాక వెళ్లే దారిలోని కంటైనర్ యార్డులకు రాత్రి కాపలా కోసం, సరుకుల తనిఖీ కోసం కుక్కలను పంపే ఒక చిన్న సంస్థలో నేను హ్యాండ్లర్‌ని, అంటే కుక్కను వెంట తిప్పుతూ పని చేయించేవాణ్ణి. వీర మా కెన్నెల్‌కు వేసవి మొదట్లో వచ్చింది. బెల్జియన్ మాలినోయిస్, మగకుక్క, వయసు నాలుగేళ్లు. అంతకుముందు మరో ఏజెన్సీలో పనిచేసింది. తూకం వేస్తే 23 కిలోలు. దాని ఎత్తుకు, ఎముక పుష్టికి 28 కిలోలు ఉండాలని పశువైద్యురాలు చెప్పారు. వీపు నిమిరితే వెన్నుపూసలు ఒక్కొక్కటిగా చేతికి తగిలేవి. తొడల్లో కండ కరిగిపోయింది. రోమం గరుకుగా, వెలిసిపోయి ఉంది.

పనిలో మాత్రం దానికి వంక పెట్టడానికి లేదు. డ్యూటీ మొదలైన మొదటి రెండు గంటలు నేను గొలుసు పట్టుకుని వెనకాల పరుగెత్తవలసి వచ్చేది. అర్ధరాత్రి దాటేసరికి మాత్రం నాలుక బయటపెట్టి కంటైనర్ల మధ్య నిలబడిపోయేది. కుక్క నోరు తెరిచి రొప్పుతున్నంతసేపూ సరిగా వాసన చూడలేదు. గాలి నోటిగుండా పోతుంటే ముక్కుకు పని తగ్గిపోతుంది. విశాఖలో ఏప్రిల్, మే నెలల్లో రాత్రిపూట కూడా గాలిలో తేమ తగ్గదు. కుక్క ఒళ్లు చల్లబడేదే రొప్పడం వల్ల, నాలుక మీది తడి ఆరడం వల్ల. తేమ ఎక్కువైతే ఆ తడి తొందరగా ఆరదు. కాబట్టి ఒంట్లో అనవసరమైన వేడి పుట్టించే ప్రతిదీ మా పనికి అడ్డమే. ఆ వేడిలో కొంత దాని గిన్నెలోంచే వస్తోందని నాకు నెమ్మదిగా అర్థమైంది.

అది ఏం తినేదో దానితో వచ్చిన కాగితంలో ఉంది. రోజుకు అరకిలో బియ్యం వండిన అన్నం, అందులో కోడి కాళ్లు, తలకాయలు ఉడికించిన నీళ్లు. ఎక్కువ భాగం సాయంత్రం డ్యూటీకి ముందే. అరకిలో బియ్యం అంటే దాదాపు 1,750 కేలరీలు. లెక్కకు మరీ తక్కువేమీ కాదు. కానీ అది ఉడికితే కిలోకు పైగా బరువు, దానిమీద నీళ్లు. రెండు కిలోల ముద్దను పొట్టలో మోస్తూ ఆ కుక్క రాత్రంతా పని చేయాలి. మాంసకృత్తులు చూస్తే అరకిలో బియ్యంలో 40 గ్రాములకు మించవు. కండ ఎందుకు కరిగిందో అక్కడే తెలుస్తుంది.

అయినా తిండి జోలికి వెళ్లేముందు డాక్టరమ్మ రెండు పరీక్షలు చేయించమన్నారు. మలంలో కొంకిపురుగుల గుడ్లు కనిపించాయి. పేగులకు అతుక్కుని రక్తం పీల్చే ఆ పురుగులు ఉండగా ఎంత మంచి తిండి పెట్టినా సగం వాటికే. పిడుదుల వల్ల వచ్చే జ్వరానికి రక్తపరీక్ష కూడా చేశారు. అది లేదని తేలింది. కడుపులో పురుగులు పోయే మందు వేశాకే గిన్నె మార్చడం మొదలుపెట్టాం. బక్కచిక్కిన కుక్క దొరికితే చాలామంది నేరుగా బలం మందులు కొంటారు. దయచేసి ముందు మలపరీక్ష చేయించండి. ఖర్చు తక్కువ, తెలిసే సంగతి ఎక్కువ.

ఎంత పెట్టాలన్నది రెండో ప్రశ్న. డాక్టరమ్మ ఫోనులోని క్యాలిక్యులేటర్‌తోనే నేర్పారు. కుక్క ఉండవలసిన బరువును మూడుసార్లు గుణించాలి, అంటే 28 × 28 × 28. వచ్చినదానికి రెండుసార్లు వర్గమూలం తీయాలి. దాన్ని 70తో గుణించాలి. వీరకు 852 వచ్చింది. ఏ పనీ చేయకుండా పడుకున్నా ఒంటికి కావలసిన కేలరీలు అవి. పని చేసే కుక్కకు పనిని బట్టి దీనికి రెండింతల నుంచి అయిదింతల వరకు కావాలి. మా యార్డు పనికి రెండున్నర రెట్లతో, అంటే దాదాపు 2,100తో మొదలుపెట్టమన్నారు. అలాస్కాలో 1,600 కిలోమీటర్ల పరుగుపందెంలో మంచు బండ్లు లాగే కుక్కలు రోజుకు 10,000 కేలరీల దాకా తింటాయని ఆవిడే చెప్పారు. వాటి సంగతి విని ఇక్కడి కుక్కకు అదే మోతాదు పెడితే ఒంటికి పడదు. అక్కడ చలితో పోరాటం, ఇక్కడ వేడితో.

కానీ ఆ కుక్కల నుంచి నేర్చుకోవలసినది ఒకటుంది. గంటల తరబడి సాగే పనికి కుక్క ఒంట్లో ముఖ్యంగా కాలేది కొవ్వు. మనిషి దూరపు పరుగుకు ముందు అన్నం, రొట్టె లాంటి పిండిపదార్థాలు దండిగా తింటాడు. కుక్క ఒళ్లు అలా కట్టింది కాదు. గ్రాము కొవ్వులో తొమ్మిది కేలరీలు ఉంటాయి, గ్రాము పిండిపదార్థంలో నాలుగే. పైగా అరిగేటప్పుడు ఒంట్లో అన్నిటికన్నా తక్కువ వేడి పుట్టించేది కూడా కొవ్వే. చిన్న గిన్నె, తక్కువ వేడి, ఎక్కువ శక్తి. విశాఖ ఉక్కపోతలో పని చేసే కుక్కకు ఇంతకన్నా కావలసినది ఏముంటుంది? మాంసకృత్తులనూ తక్కువ చేయకూడదు. మంచు బండ్ల కుక్కల మీద జరిగిన పరిశోధనల్లో, మాంసకృత్తులు చాలా తక్కువగా తిన్నవాటికి గాయాలు ఎక్కువయ్యాయి.

మా కెన్నెల్‌లో వంట చేసే అక్క ఒప్పుకోవడానికే కొంతకాలం పట్టింది. "అన్నం తగ్గిస్తే దానికి బలం ఎక్కడిది నాయనా? అసలే ఎముకల గూడులా ఉంది" అని బాధపడింది. ఆమెది ప్రేమే. అన్నం పూర్తిగా మానలేదు. బియ్యం 120 గ్రాములకు తెచ్చాం. అరకిలో తోలుతో కూడిన కోడి తొడమాంసం, రెండు ఉడికించిన గుడ్లు, వంద గ్రాముల చేప, వంద గ్రాముల పెరుగు, కాస్త గుమ్మడికాయ, రెండు పెద్ద చెంచాల కోడి కొవ్వు. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేవు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. బిర్యానీ హోటళ్లు ఉచితంగా ఇస్తామన్న మిగులు కూడు అందుకే వద్దన్నాను. ఈ లెక్కన శక్తిలో సగానికి కాస్త పైగా కొవ్వు నుంచి, దాదాపు పావు వంతు మాంసకృత్తుల నుంచి వస్తుంది.

కోడి కొవ్వు దాదాపు ఖర్చు లేకుండా దొరికింది. జనం ఎక్కువగా తోలు తీసిన మాంసమే అడుగుతారు, కాబట్టి కోళ్ల దుకాణాల్లో తోలు, కొవ్వు మిగిలిపోతాయి. మాకు తెలిసిన దుకాణంలో పొద్దున్నే వెళ్తే తాజాగా ఇచ్చేవారు. దాన్ని అదేరోజు కరిగించి వాడేవాళ్లం. చేప దగ్గరే ఇబ్బంది వచ్చింది. ఫిషింగ్ హార్బర్‌లో కవళ్లు చవకగా దొరుకుతాయని వాటినే ఎంచుకున్నాం. అవి నూనె ఉన్న చేపలు, రోమానికీ కీళ్లకూ మంచివి. ప్రెషర్ కుక్కర్‌లో ఉడికిస్తే ముళ్లు మెత్తబడతాయి. అయితే మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకు నిషేధం. మేం మొదలుపెట్టిందే ఆ రోజుల్లో. చిన్న పడవలవాళ్లు తెచ్చినవి దొరికిన రోజు పెట్టాం, దొరకని రోజు ఇంకో గుడ్డు వేశాం. ఎండుచేప తెస్తామని ఎవరో అన్నారు. అందులో ఉప్పు ఎక్కువ కాబట్టి వద్దన్నాను.

ఇంట్లో వండి పెట్టేవాళ్లు ఎక్కువగా మరిచేది సున్నం, అంటే కాల్షియం. మాంసంలో భాస్వరం దండిగా ఉంటుంది, కాల్షియం చాలా తక్కువ. ఉడికించిన ఎముకలు పెట్టకూడదు, అవి సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. అందుకని గుడ్డు పెంకులను కడిగి, ఎండబెట్టి, మెత్తగా పొడి చేసి కలిపాం. ఒక టీస్పూను పొడిలో దాదాపు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. రోజుకు ఎంత వేయాలో డాక్టరమ్మే చెప్పారు. ఖనిజాల, విటమిన్ల పొడి కూడా ఆవిడ రాసిచ్చినదే వాడాం. సొంత వైద్యం చేయలేదు.

పాత తిండి నుంచి కొత్తదానికి ఒక్కరోజులో మార్చలేదు. పది రోజుల వ్యవధిలో కొంచెం కొంచెంగా అన్నం తగ్గిస్తూ, కొవ్వును అరచెంచా నుంచి పెంచుకుంటూ వచ్చాం. కొవ్వు అలవాటు లేని కుక్కకు ఒక్కసారిగా పెడితే విరేచనాలు పట్టుకుంటాయి, క్లోమం వాచే ప్రమాదమూ ఉంది. రోజూ మలం గట్టిగా ఉందా లేదా చూసుకుని అడుగు వేశాం. మధ్యలో ఒకసారి పలచబడితే కొవ్వు అక్కడే ఆపి, గుమ్మడికాయ కొద్దిగా పెంచాం.

గిన్నెలో ఏముందన్నదానికంటే గిన్నె ఎప్పుడు పెట్టామన్నదే ఎక్కువ తేడా చూపింది. ఇది నా గట్టి నమ్మకం. నిండు పొట్టతో పరుగులు, గెంతులు పెడితే లోతైన ఛాతీ ఉన్న కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడే ముప్పు ఉంది. అది గంటల్లో ప్రాణం తీస్తుంది. డ్యూటీ రాత్రి తొమ్మిదికి. అందుకని మూడో వంతు తిండి సాయంత్రం నాలుగింటికే పెట్టేసేవాణ్ణి. తెల్లవారి ఆరింటికి డ్యూటీ దిగాక నీడలో నడిపించి, నీళ్లు కొద్దికొద్దిగా పట్టించి, రొప్పు పూర్తిగా తగ్గాక గంట ఆగి మిగతా రెండు వంతులు. రాత్రి విరామాల్లో తిండి అంటే గుడ్డు ముక్క మాత్రమే. నీళ్లు మాత్రం ప్రతి విరామంలోనూ. మా సూపర్‌వైజర్ ఒకసారి ఓఆర్ఎస్ పొట్లాలు తెచ్చారు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఉప్పు అలా పోదు, మామూలు మంచినీళ్లు చాలని నచ్చజెప్పాను. ఆయన విన్నారు.

బరువు వారానికోసారి చూసేవాళ్లం. కానీ నేను రోజూ నమ్మింది చేతినే. పిడికిలి బిగించి కణుపుల మీద వేలు రాస్తే ఎలా తగులుతుందో, వీర పక్కటెముకలు వచ్చిన రోజున అలా ఉండేవి. అరచెయ్యి చాచి వెనకవైపు వేళ్ల ఎముకలను తడిమితే ఎలా ఉంటుందో, పనికుక్క పక్కటెముకలు అలా ఉండాలి. చేతికి తెలియాలి కానీ పొడుచుకు రాకూడదు. పైనుంచి చూస్తే నడుము కనిపించాలి, పక్కనుంచి చూస్తే పొట్ట పైకి లేచి ఉండాలి. వైద్యులు దీన్నే ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలతో కొలుస్తారు. నాలుగు, అయిదు మంచివి. వీర మూడు దగ్గర మొదలైంది.

మొదట మారింది మలం. పరిమాణం సగానికి తగ్గింది. తరువాత రోమం నిగారింపు. బరువు అన్నిటికన్నా నెమ్మదిగా కదిలింది. వానలు పడే నాటికి 26 దాటింది, దసరా వేళకు 27.5 దగ్గర నిలబడింది. తొడల్లో కండ తిరిగి వచ్చాక, 28 అంకె కోసం పట్టుబట్టవద్దని డాక్టరమ్మ అన్నారు. అర్ధరాత్రి తరువాత కూడా నోరు మూసుకుని, ముక్కు నేలకు ఆనించి కంటైనర్ల వరుసలు వెతకడం చూసి యార్డు వాచ్‌మన్ బాబాయ్ "ఇది ఆ కుక్కేనా బాబూ?" అని అడిగారు. నాకు గొంతు పట్టేసింది.

తుపాను హెచ్చరికలు వచ్చి యార్డు మూసిన రోజుల్లో పని ఉండదు. ఆ రోజుల్లో మొదట కొవ్వు తగ్గిస్తాం, మాంసం తగ్గించం. కుక్క గిన్నె దగ్గర ఎంత బతిమాలినా సరే. ఇప్పుడు గోడమీద ప్రతి కుక్కకు ఒక కాగితం ఉంది. డ్యూటీ గంటలు, బరువు, పక్కటెముకల అంకె, మలం తీరు అందులో రాస్తాం. తిండి ఖర్చు పెరిగిందని గొణిగిన సూపర్‌వైజర్ కూడా, మందుల ఖర్చు తగ్గిందని ఆ కాగితాలు చూశాకే ఒప్పుకున్నారు.

మా రెండో కుక్క లాబ్రడార్. దాని అంకె ఏడు, అంటే ఉండవలసినదానికన్నా లావు. అదే గిన్నె దానికి పెడితే కీళ్లు పాడవుతాయి. దానికి కోడి తోలు తీసేసి, కొవ్వు చెంచాలు మానేసి, గుమ్మడికాయ, సొరకాయ పెంచి ఈ వారమే కొత్త లెక్క మొదలుపెట్టాం.