పన్నెండేళ్ళ ప్రాణాయామం, పది రోజుల విపశ్యన

మౌనంగా ఉంటూ ధ్యానం చేసే పది రోజుల విపశ్యన శిబిరం ముగించుకుని ఇంటికి వచ్చి నేటికి మూడు రోజులైంది. ఫోను అప్పగించడం, తెల్లవారుజామున 4 గంటలకు లేవడం, 11 గంటలకు భోజనం చేశాక సాయంత్రం ఇచ్చే టీ, మరమరాలతోనే రాత్రి గడపడం నాకు కష్టమనిపించలేదు. కష్టమంతా నాకు బాగా వచ్చనుకున్న ఊపిరి దగ్గరే ఎదురైంది.

పన్నెండేళ్ళుగా యోగా చేస్తున్నాను. ఉజ్జాయీ ప్రాణాయామం ఎంతగా అలవాటైందంటే, కళ్ళు మూసుకుని నిటారుగా కూర్చోగానే గొంతు దానంతట అదే బిగుసుకుని, ఊపిరి సన్నని ఒరిపిడి శబ్దంతో సాగుతుంది. మొదటి మూడు రోజులు చేయించే ఆనాపానలో మాత్రం, సహజంగా వచ్చిపోయే శ్వాసను ముక్కుపుటాల దగ్గర గమనించడమే పని. దాన్ని పెంచకూడదు, ఆపకూడదు. మనసు మరీ చెదిరితే కాసేపు కొంచెం గట్టిగా శ్వాసించవచ్చని శిబిరంలో వినిపించే రికార్డులో విపశ్యన గురువు గోయెంకా గారు చెప్పిన మాటను పట్టుకుని, నేను రోజంతా నా పద్ధతిలోనే కూర్చున్నాను.

రెండో రోజు భోజనానికి పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడి ఉండగా, శిబిరంలో సేవ చేసే ధమ్మ సేవిక నా దగ్గరకు వచ్చి, "అమ్మా, మీ ఊపిరి చప్పుడుతో పక్కవారికి ఇబ్బందిగా ఉందట, కాస్త తగ్గించుకోండి" అన్నారు. ఆమె మెల్లగానే చెప్పినా, ముప్పై మంది మౌనంగా నిలబడిన చోట ఆ మాట అందరికీ వినిపించింది. ఎంతోమందికి ప్రాణాయామం నేర్పినదాన్ని, ఆ పూట నాకు ముద్ద గొంతు దిగలేదు. ఇలాంటి మాటను పక్కకు పిలిచి చెప్పాలని ఇప్పటికీ అంటాను.

మధ్యాహ్నం ఆచార్యురాలిని కలిసి నా బాధ చెప్పుకున్నాను. "ఇక్కడ మీరు ఊపిరి చేయవద్దమ్మా, చూడండి చాలు" అన్నారామె. ప్రాణాయామమంటే ఉచ్ఛ్వాస నిశ్వాసాల గతిని విచ్ఛేదించడమని పతంజలి సూత్రం. నేను ఇన్నేళ్ళూ చేసింది అదే. ఆ గతిని తాకకుండా ఊరుకోవడం ఎలాగో నాకు ఎవరూ నేర్పలేదు. మూడు రోజులకు ఆరు వేలు తీసుకున్న ప్రాణాయామ వర్క్‌షాపులోనూ కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, ఎంతసేపు పట్టామో గడియారం చూసి లెక్కపెట్టారే తప్ప, వదిలేయడమనేది ఒకటుందని చెప్పలేదు. అటువంటి చోట డబ్బు పోయకండి. ఈ శిబిరానికి రుసుమే లేదు. పూర్తిచేసినవారు ఇష్టపూర్వకంగా ఇచ్చే దానంతోనే నడుస్తుంది.

గమనించబోతే శ్వాస మారిపోయేది, వదిలేద్దామంటే బిగుసుకునేది. ఆనాపాన రోజులు ముగిశాక, ఒంట్లో కలిగే అనుభూతులను గమనించే విపశ్యన, దాంతోపాటు గంటసేపు కదలకుండా కూర్చునే అధిష్ఠానం మొదలయ్యాయి. చుట్టూ అందరూ మోకాళ్ళు సర్దుకుంటున్నా నేను కదలలేదు, కానీ ఊపిరి మాత్రం లొంగలేదు. ఆరో రోజు తెల్లవారుజామున, మనసు కుదరక కాసేపు ఆనాపాన చేస్తుండగా, దవడ వదులై, ఎడమ ముక్కుపుటం అంచున చల్లటి గాలి సన్నగా తగిలి ఆగిపోయింది. తర్వాతి శ్వాస వస్తుందో రాదోనని భయపడ్డాను. అది పొట్టిగా, చప్పుడు లేకుండా, నా ప్రమేయమేమీ లేకుండానే వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ప్రాణాయామ సాధన ఉన్నవారు దరఖాస్తులోనే ఆ సంగతి వివరంగా రాయండి. నేను 'యోగా' అని ఒక్క మాటతో సరిపెట్టాను.

పదో రోజు మౌనం విడిచాక, నాలాగే శిబిరానికి వచ్చి పక్క ఆసనం మీద కూర్చున్న ఒక ఉపాధ్యాయురాలు ఆ ఫిర్యాదు చేసింది తానేనని చెప్పి నా చేతులు పట్టుకున్నారు. ఆరో రోజు నా ఊపిరి వినిపించకపోయేసరికి నేను శిబిరం వదిలి వెళ్ళిపోయానేమోనని కంగారుపడి, కళ్ళు తెరిచి చూశారట.