గుద్దు, తన్ను, ఒంగు

వేసవి మొదట్లో ఒక శనివారం పొద్దున వీడియో కాల్లో మా నాన్నగారి మొహం సగమే కనపడుతోంది. మిగతా సగం తెనాలి ఇంట్లోని సీలింగ్ ఫ్యాను. మా తొమ్మిదేళ్లవాడు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, యాస లేకుండా, ఒక్క అక్షరం తడబడకుండా అన్నాడు: "తాతయ్యా, ఒంగు! ఒంగు! ఇటు జరుగు! ఆగు!"

నాన్నగారు ఒంగారు, జరిగారు, ఆగారు. జీవితమంతా జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నాతో, "వీడికి తెలుగు బాగానే వచ్చిందిరా" అన్నారు. ఆ "బాగానే"లో ఏముందో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లకి తెలుస్తుంది.

మా ఇంట్లో అమ్మని నువ్వు అంటాం, నాన్నని మీరు అంటాం. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, అదలా వచ్చేసింది. తాతని నువ్వు అనే ఇళ్లు మా వీధిలోనే బోలెడు, వాళ్లకది ముద్దు. మా ఇంట్లో కాదు. మావాడిది పొగరు కాదని నాకు తెలుసు. వాడికి అంతకంటే వేరే తెలుగు లేదు. ఆ తెలుగు నేర్పింది నేనే. ఎలా నేర్పానో చెప్పాలంటే కొంచెం సిగ్గుగానే ఉంది.

ఆదివారం తెలుగు బడికి రెండేళ్లు పంపాం. గుణింతాల దగ్గర ఆగాడు. ఇంట్లో మేం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు. మా అమ్మాయికి పన్నెండేళ్లు, అదీ అంతే, కాకపోతే అది నవ్వుతూ చెబుతుంది. ఇంతలో మావాడికి ఫోర్ట్‌నైట్ కావాల్సి వచ్చింది. క్లాసులో అందరూ ఆడతారట. మా ఆవిడ వద్దంది. వాడు రెండు రోజులు అన్నం మీద అలిగాడు. మధ్యలో దూరి నేను ఒక బేరం పెట్టాను: "ఆ కంపెనీవాళ్లదే ఇంకో గేముంది. నా చిన్నప్పటిది. రోబోలు కొట్టుకుంటాయి. అదైతే నేను కూడా ఆడతా."

వన్ మస్ట్ ఫాల్ 2097. 1994లో వచ్చిన డాస్ గేము, అంటే విండోస్‌కి ముందునాటి కంప్యూటర్ల పద్ధతిలో నడిచేది. తయారుచేసింది రాబ్ ఎలామ్ నడిపిన డైవర్షన్స్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే చిన్న బృందం, బయటికి తెచ్చింది ఎపిక్ మెగాగేమ్స్. ఫోర్ట్‌నైట్ ఎపిక్ అదే. 1999లో నార్త్ కరోలినాలోని కేరీకి వెళ్లిపోకముందు వాళ్లుండింది మేరీల్యాండ్‌లోని రాక్‌విల్‌లో. మేముండే జర్మన్‌టౌన్ నుంచి 270 హైవే మీద ట్రాఫిక్ లేకపోతే ఇరవై నిమిషాలు. తెనాలిలో ఒక మేడ మీద కూర్చుని ఆ గేము ఆడిన రోజుల్లో నాకు రాక్‌విల్ తెలియదు, మేరీల్యాండ్ తెలియదు, తెలిసిన అమెరికా అంతా న్యూజెర్సీనే.

ఆ మేడ మీద ఉన్నది కంప్యూటర్ సెంటర్. ఏడాది 1997. కింద టిఫిన్ హోటలు, పైన నాలుగు కంప్యూటర్లు, ఒక్క ఏసీ, చెప్పులు బయట విప్పి రావాలి. ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ ప్రోగ్రాము నేర్చుకుంటున్నానని ఇంట్లో చెప్పాను. అదీ అబద్ధం కాదు, గంటలో నలభై నిమిషాలు నేర్చుకునేవాళ్లం. మిగతా ఇరవై నిమిషాలు రోబోలు. ఇద్దరు ఆటగాళ్లకీ కీబోర్డు ఒక్కటే. ఒకడికి బాణాల మీటలు, ఇంకొకడికి ఎడమ పక్క అక్షరాలు. ఇద్దరం ఒకేసారి నాలుగైదు మీటలు నొక్కితే కీబోర్డు కొన్నింటిని మింగేసేది. ఆ సంగతి మా వాళ్లకి తెలుసు. ఓడిపోతున్నవాడు తన మీటలు రెండు గట్టిగా నొక్కిపట్టి కూర్చునేవాడు, ఎదుటివాడి దెబ్బ పడకుండా. తెర మీద జరిగే యుద్ధం కంటే మోచేతులతో జరిగేదే ఎక్కువ.

రోబోలు మొత్తం పదకొండు. వాటి ఇంగ్లీషు పేర్లు మాకు నోరు తిరిగేవి కావు, తిరిగినా పిలవాలనిపించేవి కావు. థార్న్‌కి ఒళ్లంతా ముళ్లు, అది ముళ్లకంప. చేతులకి కత్తులున్న కటానా కత్తులోడు. గొలుసులు తిప్పే ఫ్లెయిల్ గొలుసులోడు. గార్గాయిల్‌కి రెక్కలు, అది గబ్బిలం. మంటలు చిమ్ముతూ తిరిగే పైరోస్ కుంపటి. తన నీడని విడదీసి పంపి కొట్టించే షాడోని నీడగాడు అనేవాళ్లం. పిడుగు ముద్ద విసిరే ఎలెక్ట్రా కరెంటక్క. ష్రెడర్ తన చేతుల్ని ఊడదీసి విసురుతుంది, అయినా దాని పేరు తురుముపీటే, ఎందుకో ఎవడూ అడగలేదు. మాయమై ఇంకోచోట తేలే క్రోనోస్ ఎదుటివాణ్ణి కాసేపు కదలకుండా కట్టేస్తుంది కూడా, దాన్ని గడియారం అనేవాళ్లం. జాగ్వార్ ఒక్కటే జాగ్వార్‌గా మిగిలింది. చివర్లో వచ్చే నోవా పెద్దాయన. ఆయన నేలని గుద్దితే అవతలివాడు ఎగిరి పడాల్సిందే.

ఇరవై ఏడేళ్ల తర్వాత, పాత డాస్ గేముల్ని ఇప్పటి కంప్యూటర్లలో నడిపే డాస్‌బాక్స్‌లో అది మళ్లీ తెరిచాను. 1999 నుంచీ ఈ గేము ఉచితమే, ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. కెన్నీ చౌ కట్టిన సంగీతం మొదలవగానే నా వేళ్లు వాటంతటవే కదిలాయి. వేళ్లు ఒక్కటే కాదు, నోరు కూడా. "ఒంగు ఒంగు! దూకు! ఇప్పుడు తన్ను! గుద్దు, గుద్దు, వదలకు! వెనక్కి పో! ఆగు... రానీ రానీ... వెయ్యి!" ఈ మాటలు ఇంగ్లీషులో అరవడం నాకు రాదు. అరవాలని ప్రయత్నించాను కూడా. ఊపు రాలేదు, ఓడిపోయాను.

మూడు వారాల్లో మావాడు కూడా తెలుగులోనే అరుస్తున్నాడు. ఆగు, జరుగు, పట్టుకో, లే, కాసుకో, ఇటు చూడు. తెలుగు బడిలో రెండేళ్లకి రాని క్రియాపదాలు. పెరట్లో స్నేహితుడితో బంతి ఆడుతూ "వెయ్యి!" అని వాడరిస్తే, ఆ అమెరికన్ పిల్లాడు నిజంగానే వేశాడు. నేను గర్వంగా వాట్సాప్ గ్రూపులో పెట్టుకున్నాను. ఆ గర్వం మీద నాన్నగారి "బాగానే" వచ్చి పడింది.

అప్పుడు కూర్చుని లెక్క చూసుకున్నాను. వాడికొచ్చిన తెలుగంతా రెండు రకాలే. ఒకటి ఆజ్ఞ, రెండోది తిట్టు. రోబోతో మాట్లాడే భాషలో "అండి" ఎక్కడినుంచి వస్తుంది? "ఒంగండి, ఇప్పుడు గుద్దుతాను" అని కంప్యూటర్ సెంటర్లో ఎవడన్నా అన్నాడా?

మా అమ్మాయి ఆడేది తక్కువ, చదివేది ఎక్కువ. ఈ గేములో రోబో వేరు, లోపల కూర్చునే పైలట్ వేరు. పదిమంది పైలట్లలో ఎవర్నైనా, నోవా కాక మిగతా ఏ రోబోలోనైనా కూర్చోబెట్టుకోవచ్చు. ఒక్కొక్కరికి బలం, చురుకుదనం, ఓర్పు వేరు వేరు పాళ్లలో ఉంటాయి. అందరికీ తలా ఒక కథ. క్రిస్టల్, క్రిస్టియన్ తోబుట్టువులు, వాళ్ల అమ్మానాన్నలు చనిపోయారు. ఈ రోబోల వెనకున్న సంస్థ పేరు పొట్టిగా చేస్తే వార్ అవుతుంది, అక్కడ మేజర్ క్రైసాక్ అనే ఆయన పెత్తనం చేస్తుంటాడు, నోవాని నడిపేది ఆయనే. ఇదంతా అది తమ్ముడికి తెలుగులో చెప్పాలని నేను షరతు పెట్టాను. మొదటి వాక్యంలోనే ఇరుక్కుంది.

"క్రిస్టియన్ క్రిస్టల్‌కి... నాన్నా, బ్రదర్‌ని తెలుగులో ఏమంటారు?"

"అన్నయితే అన్న, తమ్ముడైతే తమ్ముడు."

"జస్ట్ బ్రదర్ అంటే?"

లేదు. సోదరుడు ఉందనుకోండి, అది పెళ్లి శుభలేఖల్లోనూ ఉపన్యాసాల్లోనూ తప్ప ఇంట్లో ఎవరంటారు? తోబుట్టువులు అని ఊరుకోవచ్చు గానీ, ఎవరు ముందు పుట్టారో తేల్చుకోకుండా ఒకరికొకరు ఏమవుతారో మన ఇంటి తెలుగులో చెప్పడం కుదరదు. ఇది నాకు నలభై దాటాక, ఒక రోబోల గేము ముందు కూర్చుంటే తెలిసింది. పిల్లలిద్దరూ దీని మీద అరగంట కొట్టుకున్నారు. చివరికి మా అమ్మాయి, "క్రిస్టల్ ఈజ్ అక్క. అంతే" అని తీర్పిచ్చింది. ఎందుకని వాడడగలేదు. అది అక్క కాబట్టి.

ఇంకోటి కూడా అదే పట్టుకుంది. మిగతా పైలట్ల పేర్లు స్టెఫాన్, మిలానో, షిర్రో, జాన్‌పాల్, ఇబ్రహీం, ఏంజెల్, కోసెట్, రేవెన్. ప్రపంచమంతా కనిపించేలా పేర్లు ఏరారు, మన పేరు మాత్రం లేదు. 1994లో కూర్చుని 2097ని ఊహించినవాళ్లకి ఒక్క వెంకటేశ్వర్లు కూడా తట్టలేదు. ఇప్పుడు జర్మన్‌టౌన్‌లో మా వీధిలోనే ముగ్గురున్నారు. దానికిది పెద్ద బాధగా ఏమీ లేదు, గమనించి చెప్పిందంతే. బాధపడింది నేనే, అదీ ఒక పూట.

ఆ ఊపులో ఒక పాఠం కూడా చెప్పబోయాను. "చూశారా, బయట రోబో ఒకటి, లోపల మనిషి ఇంకొకడు. మీరూ అంతే. బయట అమెరికా, లోపల..." పూర్తి చెయ్యనివ్వలేదు. "టోర్నమెంట్‌లో రోబోని ఇచ్చేసి ఇంకోటి కొనుక్కోవచ్చు కదా నాన్నా?" అంది మా అమ్మాయి. అవునన్నాను. "ఓకే" అని తన గదిలోకి పోయింది. ఆ పోలిక నేను మళ్లీ ఎత్తలేదు.

మర్యాద సంగతికి మా ఆవిడే మందు చెప్పింది. ఆవిడది వరంగల్. మొదట్నుంచీ ఈ ఆటంటే పడదు, "ఆదివారం పూట పిల్లలకు కొట్లాట నేర్పుడేంది" అని రోజూ వినిపిస్తూనే ఉంది. ఆ రోజు మాత్రం, "నువ్వే గదా ఖరాబు చేసినవు, నువ్వే బాగు చెయ్యి. ఒక వారం మర్యాదగ కొట్టుకోండ్రి" అంది.

సరే, కొత్త నియమం పెట్టాం. "నువ్వు" అన్నవాడు ఆ రౌండు ఓడినట్టే. మొదటి రోజు ఆట నత్తనడక నడిచింది. "ఒంగండి" అనేలోపు ముళ్లకంప వచ్చి పొడిచేసేది. మూడో రోజుకి అలవాటు పడ్డాడు. "రండి రండి... దూకండి... ఇప్పుడు తన్నండి!" పెళ్లి భోజనాల దగ్గర వడ్డన చేస్తున్నట్టుంది మా హాలు. క్రైసాక్ చేతిలో చిత్తుగా ఓడి, తెర వైపు తిరిగి, "మీరు చాలా చెడ్డవారు" అన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆగస్టులో నాన్నగారు వచ్చారు. రెండు రోజులు జెట్‌లాగ్, మూడో రోజు లాన్‌హామ్ శివ విష్ణు ఆలయం, నాలుగో రోజు ఏం చెయ్యాలో తెలియక సోఫాలో. మావాడు మెల్లగా పక్కకి చేరాడు. టోర్నమెంట్‌లో మన పేరుతో మనమే పైలట్‌ని పెట్టుకోవచ్చు. వాడు "తాత" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, జాగ్వార్‌లో కూర్చోబెట్టాడు.

నాన్నగారికి గుద్దులు పట్టలేదు. ఆయన చూపంతా ఆట అయ్యాక వచ్చే లెక్క మీదే. గెలిచినందుకు ఇంత, పైన బోనస్ ఇంత, అందులోంచి రిపేరు ఖర్చు పోను మిగిలింది ఇంత. "గెలిచి కూడా ఇంత తక్కువేంట్రా?" అన్నారు. దెబ్బలు తిని గెలిస్తే రిపేరుకే పోతుందని వాడు ఇంగ్లీషు కలిపి చెప్పాడు. మిగిలిన డబ్బుతో చేతి బలం కొనాలా, కాళ్ల వేగం కొనాలా, కవచం మందం పెంచాలా? నాన్నగారు పాత కవరు ఒకటి అడిగి, వెనకవైపు గీత గీసి, లెక్క వేశారు. ముందు కవచమే కొనమన్నారు. వాడికి చేతి బలం కావాలి. ఇద్దరూ వాదించుకున్నారు. వాదన తెలుగులో సాగింది, వాడికి అందని చోట "ఫర్ ఎగ్జాంపుల్" అని నాన్నగారే ఇంగ్లీషులోకి దిగారు. ఆ కవరు ఇంకా మా ఫ్రిజ్ మీదే ఉంది.

వారం తిరిగేసరికి ఇద్దరూ ఒకే కీబోర్డు ముందు. నాన్నగారు కత్తులోణ్ణి తీసుకుంటారు, కత్తులున్నాయి కాబట్టి. ఆయన చూపుడు వేలొక్కటే వాడతారు, ఒక మీట నొక్కి, అది సరిగ్గా నొక్కుకుందో లేదో కిందకి చూసి, మళ్లీ తెర చూస్తారు. ఆ లోపు మావాడు గబ్బిలంతో మూడు దెబ్బలు వేసి ఉండొచ్చు. వెయ్యడు, చేతులు వెనక్కి పెట్టుకుని ఆగుతాడు.

"తాతయ్యా, ఆగుండ్రి... ఆగుండ్రి... గిప్పుడు కొట్టుండ్రి!"

నాన్నగారు ఆట ఆపి నా వైపు తిరిగారు. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినపడుతోంది.

"ఇదెక్కడి తెలుగురా?" అన్నారు. ఆ లోపు వాడు కొట్టేశాడు.