మధ్యలో నేను లేని రెండు రోజులు

ఈ ఏడాది మే నెలాఖరులో పిల్లలిద్దర్నీ తీసుకుని మా అమ్మావాళ్ళ ఊరు వెళ్ళాను. మేం డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఇక్కడ బళ్ళు మే ఆఖర్లో మూసేసి ఆగస్టు మధ్యలో తెరుస్తారు. మావారికి అన్ని రోజులు సెలవు దొరకలేదు, చివరి రెండు వారాలకి వచ్చి కలుస్తానన్నారు. పాపకి 11 ఏళ్ళు, బాబుకి 8. నాలుగేళ్ళ తర్వాత వెళ్తున్నాం కాబట్టి బాబుకి ఊరు అస్సలు గుర్తులేదు. వాడికి అమ్మమ్మ, తాతయ్య అంటే ఫోన్ తెరలో నుదురు మాత్రమే కనిపించే ఇద్దరు మనుషులు.

రాజమండ్రిలో రైలు దిగి కారెక్కాం. రావులపాలెం ముందు గౌతమి బ్రిడ్జి మీదకి వచ్చేసరికి పిల్లల్ని నిద్ర లేపాను. వేసవి కదా, ఇసుక తిన్నెల మధ్య సన్నగా పారుతోంది గోదారి. కొత్తపేట దాటాక రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరితోటలు మొదలయ్యాయి. మా ఊరు అమలాపురానికి దగ్గర్లోనే, కాలవ గట్టు మీద ఉంటుంది. మేం వెళ్ళేసరికి కాలవ ఎండిపోయి ఉంది. ఏటా వేసవిలో కాలవలు కట్టేసి పూడికలు తీస్తారు. అడుగున పగుళ్ళు తేలిన మట్టి, అక్కడక్కడా నాచు. బాబు చూసి, "ఇందులో నీళ్ళేవి?" అని ఇంగ్లీషులో అడిగాడు. మా నాన్నగారు నా వంక చూశారు, వాడేమన్నాడో చెప్పమని.

అక్కణ్ణుంచి మొదలైంది నా పని. వాడన్నది నాన్నగారికి తెలుగులో, నాన్నగారన్నది వాడికి ఇంగ్లీషులో చెప్పడం. పాప ఫ్రిస్కోలో మనబడిలో, అంటే అక్కడి పిల్లలకి తెలుగు నేర్పే బడిలో, మూడేళ్ళుగా చదువుతోంది, గుణింతాలూ ఒత్తులూ వచ్చు, బస్సు మీద ఊరి పేరు చదువుతుంది. కానీ మాట్లాడాలంటే బిడియం. అందుకని దాని మాటలు కూడా నేనే చెప్పేదాన్ని. అదీ ఉన్నదున్నట్టు కాదు. బాబు పప్పులో కారం ఎక్కువైందంటే, "బావుందంటున్నాడమ్మా" అనేదాన్ని. అమ్మ "పిల్లకి ఒంట్లో రక్తం లేదే, అన్నం పెడుతున్నావా లేదా" అంటే, "అమ్మమ్మ నువ్వు పొడుగయ్యావంటోంది" అనేదాన్ని. ఎవరి మనసూ నొచ్చుకోకూడదనే నా తాపత్రయం. మూడో రోజు భోజనాల దగ్గర నాన్నగారు మెల్లగా, "అమ్మా, నువ్వు కాసేపు మాట్లాడకుండా కూర్చుంటే వాడేమంటున్నాడో నాకు తెలుస్తుంది" అన్నారు. కోప్పడి అన్నది కాదు. అయినా ఆ మాట నాకు గుచ్చుకుంది.

ఆ వారంలోనే ఆవకాయ పెట్టారు. కాయ కొట్టే మనిషి పొద్దున్నే కత్తి పట్టుకొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వంద కాయలు. ప్రతి ముక్కకీ టెంక అంటుకుని ఉండాలి, లేకపోతే ఏడాది పాటు నిలవదు. అమ్మ బాబుకి ఓ పొడిగుడ్డా చెంచా ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. ఒక ముక్క తీసుకుని చూపించింది. "జీడి తీసెయ్. పొర గీకెయ్. టెంక ఉంచు." నేను ఇంగ్లీషులో చెబుదామని నోరు తెరిచేలోపే వాడు జీడి తీసేసి, లోపలి తెల్లటి పొరని చెంచాతో గీకి అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, ఇంకోటి ఇచ్చింది. మధ్యాహ్నానికి వాడే అక్కని "తడి చెయ్యి! తడి చెయ్యి!" అని కేకలేస్తున్నాడు. కలిపిన బేసిన్‌లోనే వేడన్నం వేసి అమ్మ ముద్దలు పెట్టింది. కళ్ళలో నీళ్ళు కారుతున్నా రెండో ముద్దకి చెయ్యి చాపాడు.

టెంక, జీడి, పొర. ఈ మూడు మాటలూ నేను వాడికి ఎప్పుడూ చెప్పలేదు. ఫ్రిస్కోలో వాటి అవసరమే రాలేదు మరి.

పాపకి మాత్రం ఆ వారం బాగా గడవలేదు. బంధువుల పెళ్ళికి వెళ్ళాం. భోజనాల దగ్గర అది చాలా ధైర్యం చేసి, వడ్డించే ఆవిణ్ణి తెలుగులో నీళ్ళు అడిగింది. 'ళ' పలకడం దానికి కష్టం, "నీల్లు" అంది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ముద్దుగానే నవ్వారు, నాకు తెలుసు. ఒకాయన "మళ్ళీ అనమ్మా, మళ్ళీ అను" అని పిలిచి మరో ఇద్దరి ముందు కూడా అనిపించారు. అది అంది. అందరూ మళ్ళీ నవ్వారు. ఆ తర్వాత మూడు రోజుల పాటు అది ఒక్క తెలుగు మాట మాట్లాడలేదు. రాత్రి పక్కలో పడుకుని, "మనబడిలో నేను బాగానే మాట్లాడతానంటారు కదా, మరి ఎందుకు నవ్వారు?" అని అడిగింది. ఊళ్ళో ఉన్న మన బంధువులందరికీ ఒక్కటే చెప్పాలని ఉంది. మా పిల్లలు తప్పు పలికితే దిద్దండి, కానీ మళ్ళీ అనిపించి నవ్వకండి. ఆ ఒక్క మాట కోసం వాళ్ళు లోపల ఎంత కూడదీసుకున్నారో మీకు కనిపించదు.

జూన్ మొదటి వారంలో నేను పంటి నొప్పితో రాజమండ్రి వెళ్ళాల్సి వచ్చింది. రూట్ కెనాల్ అన్నారు, రెండు రోజులు అక్కడే ఉండాలి. పిల్లల్ని వదిలి వెళ్ళడానికి చాలా టెన్షన్ పడ్డాను. బాబు ఆకలేస్తోందని ఎలా చెబుతాడు? పాప అసలు నోరు తెరుస్తుందా? అమ్మ ఇవేమీ పట్టించుకోకుండా కళ్ళజోడు తెచ్చి నా చేతిలో పెట్టింది. కాడ విరిగింది, ఎలాగూ వెళ్తున్నావు కదా, బాగు చేయించుకురా అంది. ఆ కళ్ళజోడు నాతో రాబట్టే తర్వాత జరిగిందంతా జరిగింది.

రెండో రోజు సాయంత్రం తిరిగొచ్చేసరికి ఇంట్లో బాబు లేడు, నాన్నగారూ లేరు. కాలవ గట్టు మీదకి వెళ్ళి చూశాను. నీళ్ళు వదిలారు. అప్పటికే మోకాలి లోతు పారుతోంది. కొబ్బరి డొక్కలూ ఎండుటాకులూ కొట్టుకొస్తున్నాయి. బాబు మోకాళ్ళ దాకా బురదతో పరిగెత్తుకొచ్చి, ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు.

నీళ్ళు ముందు సన్నగా, ఒక చాప చుట్ట విప్పినట్టు వచ్చాయట. ముందంతా నురగ, చెత్త. పగుళ్ళలోకి దిగి, బుడగలొచ్చి, అక్కడ నిండాక మళ్ళీ ముందుకి జరుగుతున్నాయట. వాడూ తాతయ్యా గట్టు మీద నీళ్ళతో పాటు నడిచారు. నీళ్ళు ఆగితే వీళ్ళూ ఆగడం, కదిలితే కదలడం. పక్కనే కొంగలు కూడా. పగుళ్ళలోంచి బయటికొచ్చే పురుగుల్ని తినడానికి వస్తాయని తాతయ్య చేత్తో పొడిచి చూపించారట.

గట్టు మీద నాన్నగారు పుల్లతో గీసిన బొమ్మ ఇంకా అలాగే ఉంది. గోదారి, ధవళేశ్వరం దగ్గర అడ్డగీత, అక్కడి నుంచి రెండు చీలికలు. ఇటు గౌతమి, అటు వశిష్ఠ, మధ్యలో ఒక చుక్క. ఆ చుక్క మన ఊరట. అడ్డగీత పక్కన 1847, 1852 అని రాసి ఉంది. కాటన్ దొర ఆనకట్ట కట్టడం మొదలుపెట్టిన ఏడు, పూర్తి చేసిన ఏడు. అంకెలు చెప్పడానికి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. రావులపాలెం నుంచి వస్తూ నేను కారులో ఇదే ఆనకట్ట గురించి అరగంట చెబితే వాడు కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. ఇప్పుడు నీళ్ళు ఏ ఊళ్ళు దాటి వచ్చాయో నాకు చెబుతున్నాడు. "భోజనానికి రా" అన్నాను. "ఆయ్" అన్నాడు. కోనసీమలో అంతా అనే ఆయ్. నాన్నగారు తల పక్కకి తిప్పుకుని నవ్వారు.

ఇంట్లో పాప అమ్మ పక్కన, ఒళ్ళో పేపరు పెట్టుకుని కూర్చుంది. కళ్ళజోడు లేదు కాబట్టి పేపరు చదివి పెట్టమని అమ్మే అడిగిందట. మొదటి రోజు రెండు వార్తలకి గంట పట్టింది. అమ్మ నవ్వలేదు, తొందరపెట్టలేదు. తడబడినచోట ఆ మాట ఒక్కసారి తను పలికి ఊరుకుంది. అలా చదువుతుంటే వాతావరణం వార్తలో 'అల్పపీడనం' అన్న మాట వచ్చింది. పాప దాన్ని ఒత్తుతో సహా సరిగ్గా చదివింది, కానీ అర్థం తెలియలేదు. అమ్మమ్మా, అంటే ఏంటి అని అడిగింది. మా అమ్మకి వాతావరణ శాస్త్రం ఏం తెలుసు? 1996 తుపాను తెలుసు.

ఆ రాత్రి పాప నాకు చెప్పింది, నా కథే.

1996 నవంబరు 6. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. నాకు పదేళ్ళు, తమ్ముడికి అయిదు. నాన్నగారు పని మీద అమలాపురం వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. సాయంత్రానికి గాలి మొదలైంది. ఎదురు వీధిలో తాటాకిళ్ళ వాళ్ళంతా మా డాబాలోకి వచ్చేశారు. ముప్ఫై మంది దాకా ఉంటారు. అమ్మ ఉన్న బియ్యమంతా వండేసింది. ఆ గాలిలో, చీకట్లో, నేను ఎవరికీ చెప్పకుండా పెరట్లోకి వెళ్ళి, పశువుల పాకలోంచి దూడని తాడు పట్టుకుని లాక్కొచ్చి వంటింట్లో కట్టేశానట. కాసేపటికి పాక కూలిపోయింది. అమ్మ నన్ను ఒక్కటి కొట్టి, తర్వాత తెల్లారేదాకా చెయ్యి వదల్లేదట.

నాకు దూడ గుర్తులేదు. గాలి చప్పుడు గుర్తుంది. పొద్దున్నే బయటికొస్తే ఆకాశం ఇంకా పెద్దదైపోయినట్టు కనిపించడం గుర్తుంది. చెట్లు లేవు, అందుకని. ఆ ఒక్క రాత్రి కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లు పడిపోయాయి, వెయ్యి మందికి పైగా చనిపోయారు. మా తోటలో మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నాన్నగారు మళ్ళీ మొక్కలు వేశారు. కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, ఆ ఆరేడేళ్ళూ ఇల్లు ఎలా గడిచిందో ఇప్పుడు తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. అమ్మ ఆ సాయంత్రం పాపని తోటలోకి తీసుకెళ్ళి, "ఈ చెట్లన్నీ మీ అమ్మ కంటే చిన్నవే" అని చూపించిందట.

పాప పక్క మీద లేచి కూర్చుని నన్ను అదోలా చూసింది. "అప్పుడు నువ్వు నాకంటే చిన్నదానివి" అంది. తెలుగులోనే.

పిల్లలకి కథలు చెప్పాలని ఇన్నేళ్ళూ నేను పంచతంత్రం, రామాయణం బొమ్మల పుస్తకాలు కొని రాత్రిపూట చదివాను. అవి చదివినందుకు విచారం లేదు, ఇంకా చదువుతాను. కానీ ఆ తుపాను రాత్రిని వాళ్ళకి చెప్పదగ్గ కథగా నేనెప్పుడూ అనుకోలేదు. చెప్పినా ఇంగ్లీషులో, రెండు ముక్కల్లో చెప్పేదాన్నేమో.

మిగిలిన వారాలు నేను చాలావరకు వంటింట్లోనే ఉండిపోయాను. కొబ్బరికాయల దింపు తీసేవాళ్ళు వచ్చినరోజు బాబు తాతయ్యతో కలిసి కాయలు లెక్కపెట్టాడు. అంతర్వేది వెళ్ళాం, గోదారి సముద్రంలో కలిసేచోట నిలబడ్డాం. మావారు వచ్చాక వాళ్ళ ఊరు కూడా వెళ్ళొచ్చాం.

ఇక్కడికి తిరిగొచ్చాక ఆగస్టులో నాలుగు కుటుంబాలం ఒకరింట్లో కలిశాం. ఆ వేసవిలో అందరం ఇండియా వెళ్ళొచ్చినవాళ్ళమే. పిల్లలందర్నీ కూర్చోబెట్టి, ఎవరికి వచ్చిన భాషలో వాళ్ళు ఒక సంగతి చెప్పాలన్నాం. పెద్దవాళ్ళు మధ్యలో అందుకోకూడదని ముందే అనుకున్నాం. సికింద్రాబాద్ వాళ్ళ పాప లష్కర్ బోనాల గురించి చెప్పింది. నాయనమ్మ తలమీద బోనం పెట్టుకుని నడుస్తుంటే తను వెనకాల చీర కొంగు పట్టుకుని నడిచిందట. పోతరాజు ఒంటినిండా పసుపుతో, చేతిలో కొరడాతో ఎదురొస్తే భయపడి ఏడ్చిందట. నాయనమ్మ "ఎందుకేడుస్తున్నవ్ బిడ్డా, అమ్మవారి తమ్ముడే" అందట. బాబు అది విని, "ఉన్నవ్ అని ఎందుకంది? ఉన్నావు కదా?" అని అడిగాడు. ఆ పాప "మా నాయనమ్మ గట్లనే మాట్లాడ్తది" అంది. తర్వాత ఇద్దరూ చాలాసేపు ఒకరికొకరు మాటలు నేర్పించుకుంటూ కూర్చున్నారు. ఆయ్ అని ఒకరు, గట్లనే అని ఒకరు. మా వాళ్ళలో ఒకాయన అందుకుని ఇంగ్లీషులో వివరించబోతే, ఆయన భార్య చెయ్యి పట్టుకుని ఆపింది.

మొన్న ఆదివారం రాత్రి తొమ్మిదింటికి పాప వచ్చి, ఆ దూడ పేరేంటని నన్ను అడిగింది. తెలియదన్నాను. అమ్మమ్మని అడుగు, అక్కడ పొద్దున ఏడున్నర అయ్యుంటుంది, కాఫీ తాగుతూ ఉంటుంది అన్నాను. అది ఫోన్ పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళింది. నేను బట్టలు మడతపెట్టుకుంటున్నాను. తలుపు సగం తెరిచే ఉంది. మధ్యలో రెండుమూడు సార్లు మాట దొరక్క ఆగిపోయింది. లేచి వెళ్ళబోయి కూర్చున్నాను. కాసేపటికి అటు నుంచి అమ్మ నవ్వు, ఇటు దీని నవ్వు వినిపించాయి. దూడ పేరు తెలిసినట్టే ఉంది. నాకింకా చెప్పలేదు.