తెల్ల కాగితం మీద ఐదేళ్లు

2013లో కువైట్‌కు ఇంటిపనికి వెళ్లేటప్పుడు నాకు 26 ఏళ్లు. ముప్పై నిండని ఆడవాళ్లను ఈ పనికి పంపరట. ఏజెంటు నా పాస్‌పోర్టులో ఐదేళ్లు కలిపేశాడు. "కాగితమే కదమ్మా, నువ్వేమీ ముసలిదానివి కావులే" అని నవ్వాడు.

రెండేళ్లకు, జీతం సరిగా ఇవ్వని ఆ ఇంటి నుంచి చెత్త పారేసే నెపంతో బయటికొచ్చేశాను. పాస్‌పోర్టు మామా, అంటే ఆ ఇంటి యజమానురాలి బీరువాలోనే ఉండిపోయింది. తర్వాత కువైట్‌లోనే హసావియా అనే పేటలో ఒకే గదిలో ఆరుగురం, పూటకో ఇంట్లో పాచిపని. పోలీసు బండి కనిపిస్తే సందు మార్చడం కాళ్లకు అలవాటైంది.

2018 జనవరి 29న, అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి లేనివాళ్లకు కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష మొదలుపెట్టింది. అకామా లేని రోజుకు రెండు దీనార్ల చొప్పున, 600 దాకా పెరిగే జరిమానా కట్టకుండానే వెళ్లిపోవచ్చు. 600 దీనార్లంటే లక్ష రూపాయల పైమాటే. పాస్‌పోర్టు ఉన్నవాళ్లు నేరుగా విమానాశ్రయానికి వెళ్లారు. నాలాంటి వాళ్లకు మన ఎంబసీ ఔట్‌పాస్ ఇవ్వాలి. దాని అసలు పేరు ఎమర్జెన్సీ సర్టిఫికెట్, ఒక్కసారి ఇండియాకు వెళ్లడానికే చెల్లుతుంది. అది ఇవ్వాలంటే ముందు భారతీయులమని రుజువు చూపాలి.

తమ్ముడు వాట్సాప్‌లో ఆధార్ పంపాడు. అందులో నా అసలు వయసుంది! క్యూలో దరఖాస్తులు నింపిపెడుతున్న తెలుగాయన అది చూసి, "పాస్‌పోర్టులోనూ ఇదే తేదీయా అమ్మా?" అని అడిగారు. నాకు నోరు పెగల్లేదు. "అయితే పాత పాస్‌పోర్టు జిరాక్స్ తెప్పించుకో, రెండు తేదీలతో లోపలికి వెళ్లకు" అన్నారు.

రాయచోటిలో ఇల్లంతా వెతికారు. గడువు ఫిబ్రవరి 22. అది దాటిపోయింది. గడువును ఏప్రిల్ 22 దాకా పెంచకపోతే నా కథ అక్కడే ఆగేది. చివరికి జిరాక్స్ బ్యాంకులో నగలు తాకట్టు పెట్టిన కాగితాల మధ్య దొరికింది. అమ్మ దాన్ని నాలుగు మడతలు పెట్టి దాచింది. మడత సరిగ్గా పుట్టినతేదీ మీదే పడింది. ఆ అంకెలు చదవడానికి కౌంటరులో ఆయన ఫోను వెలుగు కింద పెట్టి చూశారు.

ఔట్‌పాస్ చేతికొచ్చింది. తెల్ల కాగితం, నా ఫొటో, పక్కనే ఐదేళ్లు ముదిరిన నేను. టికెట్టుకు గదిలో వాళ్లు తలా పది దీనార్లు వేశారు.

చెన్నైలో ఇమిగ్రేషన్ వాళ్లు ఆ కాగితం తీసేసుకున్నారు. కొత్త వీసాతో కువైట్‌కు మళ్లీ రావచ్చని క్షమాభిక్షలో చెప్పారు గానీ, దానికి కొత్త పాస్‌పోర్టు కావాలి. దరఖాస్తులో పుట్టినతేదీ గడి దగ్గరే నా కలం ఆగిపోయింది.