నాన్న కంటి చుక్కలు

గుంటూరు కొత్తపేటలో నాన్నకి కళ్లు చూపించాం. గ్లకోమా అన్నారు, మనవాళ్ల మాటలో నీటికాసులు, కంటి నరం దెబ్బతినే జబ్బు. "నాకు బాగానే కనిపిస్తోందిగా!" అంటారాయన. చిక్కంతా అక్కడే. నాన్నది ఓపెన్ యాంగిల్ రకం, అంటే కంట్లో నీరు బయటికిపోయే మూల (యాంగిల్) తెరిచే ఉంటుంది. ఇందులో నొప్పుండదు, పక్కచూపు మెల్లగా తగ్గుతుంది, పోయింది మళ్లీ రాదు. యాంగిల్ హఠాత్తుగా మూసుకుపోయే రకమైతే కన్నెర్రబడి, విపరీతమైన నొప్పి, వాంతులు. అప్పుడిక ఆసుపత్రికి పరుగే.

కంటి లోపలి ప్రెజర్ మామూలుగా 10–21 mmHg మధ్య ఉండాలట. అది బాగానే ఉన్నా కొందరికి నరం దెబ్బతింటుంది, అందుకే చుట్టూ ఎంతమేర కనిపిస్తోందో చూసే ఫీల్డ్ టెస్ట్. వెలుగు చుక్క కనిపిస్తేనే బటన్ నొక్కాలి. నాన్న టీవీ రిమోట్‌లా టకటకా నొక్కేశారు, మళ్లీ చేశారు!

రాత్రి చుక్క వేశాక ముక్కు పక్కన కంటి మూల కాసేపు నొక్కిపడుతున్నాం, మందు గొంతులోకి జారకుండా. తోడబుట్టినవాళ్లకీ వచ్చే అవకాశం ఎక్కువని బాబాయికి చెప్తే, "సంక్రాంతి వెళ్లాక చూద్దాంలేరా" అన్నాడు.